బ్రౌజర్ పేరు చెప్పి వదిలేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

సంస్థ అంతటా ఒకే బ్రౌజర్ వాడాలని ఆఫీసుల్లో సర్క్యులర్లు ఇస్తున్నారు. నేను ఒక పెద్ద సంస్థలో కంప్యూటర్ సపోర్ట్ పని చేస్తాను, ఆ నిర్ణయం మంచిదే అంటాను. కానీ పేరు ప్రకటించి చేతులు దులుపుకుంటేనే కష్టం.

మా అకౌంట్స్‌లో ఒకావిడ మానిటర్ అంచుకు చీటీ అంటించుకున్నారు: "బిల్లులకు క్రోమ్, సెలవులకు ఎడ్జ్, పాత రికార్డులకు ఫైర్‌ఫాక్స్." నెలాఖరున ఆవిడ బిల్లు మొత్తం నింపి సబ్మిట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు, ఇంకో బ్రౌజర్ తెరిచి మొదటి గడి నుంచి మళ్లీ కొట్టుకుంటూ వచ్చారు, పైగా "నేనేమైనా తప్పు నొక్కానా?" అని నన్ను భయంభయంగా అడిగారు. ఆవిడ తప్పు రవ్వంత కూడా లేదు. ముందు రాత్రి బ్రౌజర్ అప్‌డేట్ అయింది, అందులో మా బిల్లుల సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందో లేదో ఎవరూ చూడలేదు, అంతే.

2021లో క్రోమ్ కొత్త వెర్షన్లు నాలుగు వారాలకోసారి రావడం మొదలైంది. అలాగని అప్‌డేట్లు ఆపేయమనడం, ఈ సలహా మీటింగుల్లో చాలాసార్లు విన్నాను, తలుపు గడియ తీసి పడుకోవడమే. సంస్థల కోసం వేరే దారి ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఈఎస్ఆర్ అనే రకానికి పెద్ద మార్పులు సుమారు ఏడాదికోసారే వస్తాయి, భద్రతా సవరణలు మాత్రం మధ్యలో అందుతూనే ఉంటాయి. ఎడ్జ్‌లోనూ ఎనిమిది వారాలకోసారి మారే రకం ఉంది. ఏ బ్రౌజర్ అన్నదాని మీద గంటలు వాదించుకునేవాళ్లు, ఏ రకం, ముందు ఎవరు పరీక్షిస్తారు అన్నది మాత్రం అడగరు!

అసలు జబ్బు ఇంకా పాతది. ఒకప్పుడు ఆఫీసు సాఫ్ట్‌వేర్ చాలావరకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కదాని కోసమే రాశారు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దానికి సెలవిచ్చింది, కానీ అలాంటి పాత పేజీలను ఎక్స్‌ప్లోరర్‌లాగే నడిపించే ఐఈ మోడ్‌ను ఎడ్జ్‌లో పెట్టి, కనీసం 2029 దాకా నడిపిస్తామని చెప్పింది. అది ఊతకర్ర. దాన్ని చూసుకుని పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చకుండా కూర్చున్నవాళ్లు 2029లో మళ్లీ మా లాంటివాళ్ల మీదే పడతారు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి విభాగం నుంచి ఇద్దరు ముగ్గురికి కొత్త వెర్షన్ ముందుగా ఇచ్చి, రోజువారీ పనులు చేయించి, ఆ తర్వాతే అందరికీ పంపాలి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసే చూపులేని ఉద్యోగులు అందులో తప్పకుండా ఉండాలి, వాళ్లకు వేరే బ్రౌజర్ నప్పితే అదే ఉంచాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, ఏ ఒక్క బ్రౌజర్‌కో కాకుండా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వెబ్ ప్రమాణాల ప్రకారం రాసి కనీసం రెండు బ్రౌజర్లలో నడిపి చూపిస్తేనే బిల్లు చెల్లిస్తామని ఒప్పందంలో రాయాలి. ఈ పని చూడటానికి ఒక మనిషిని కేటాయించాలి. మా దగ్గర ఇప్పటికీ ఆ మనిషి లేరు.

ఇట్లు,
ఒక సపోర్ట్ ఉద్యోగి