ట్రైలర్ తాళాల విషయంలో సాయం చేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

డాలస్ నుంచి ఫీనిక్స్‌కి ఇల్లు మారుతున్నాం, కారు వెనక కట్టుకెళ్లే చిన్న ట్రైలర్‌ని రాత్రిళ్లు దొంగల బారిన పడకుండా ఎలా చూసుకోవాలి అని అడిగితే ఇంతమంది స్పందిస్తారనుకోలేదు. సామానంతా క్షేమంగా చేరింది. ఎవరి పేరూ రాయడం లేదు, చదివితే ఎవరి సంగతో వాళ్లకే తెలుస్తుంది.

ముందుగా డాలస్ పక్కనే ఉన్న ప్లేనో బాబాయిగారికి. ఆదివారం పూట పనిముట్ల పెట్టె పట్టుకొచ్చి, కారు వెనక మోకాళ్ల మీద కూర్చుని అంతా చూశారు. "విడిపోయే చోట్లు ఎన్నుంటే అన్ని తాళాలమ్మా" అన్నారు. ట్రైలర్ ముందు కొసన ఉండే గిన్నెలాంటి మూతిని కప్లర్ అంటారు, అది కారు వెనకుండే ఇనప గుండు (బాల్) మీద కూర్చుంటుంది. చాలామంది కప్లర్‌ని బాల్ మీద బిగించే గొళ్లేనికి తాళం వేసి నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ బాల్ ఉన్న కడ్డీని కారు వెనకుండే రిసీవర్ అనే చదరపు గొట్టంలో పట్టి ఉంచేది ఒక్క పిన్. దాని చివరి క్లిప్పు చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఇక తాళం వేసింది వేసినట్టే ఉంటుంది, బాల్‌తో సహా ట్రైలర్ వెళ్లిపోతుంది! అందుకని ఆ పిన్ తీసేసి తాళం ఉన్న పిన్ పెట్టించారు. కొనేముందు కొలత చూసుకోవాలి: రిసీవర్ 2 అంగుళాలదైతే పిన్ 5/8 అంగుళం, 1¼ అంగుళాలదైతే ½ అంగుళం. తాళం కన్నానికి రబ్బరు మూత ఉన్నది తీసుకోమన్నారు, రోడ్డు దుమ్ము లోపలికి పోకుండా.

వెనక తలుపులకు గుండ్రటి డిస్క్ తాళం. దాని కమ్మీ చాలావరకు లోపలే దాగి ఉంటుంది కాబట్టి బోల్ట్ కట్టర్‌కి అందడం కష్టం. మామూలు తాళం కంటే ఖరీదే, కానీ అక్కడ పిసినారితనం చేయకండి.

ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్ అక్కకు వేరే థాంక్స్. ట్రైలర్‌ని కారు నుంచి విడదీశాక పరిస్థితి మారుతుందని చెప్పింది తనే. గొళ్లేనికి తాళం వేసి ఉన్నా, గొలుసులతో తమ బండికి కట్టి ఈడ్చుకుపోయేవాళ్లున్నారట. అందుకే కప్లర్ గుంటను పూర్తిగా మూసేసే తాళం ఒకటి, చక్రానికి క్లాంపు ఒకటి వాడమంది. కొత్త అపార్ట్‌మెంట్ తాళంచెవులు చేతికొచ్చేదాకా ట్రైలర్ తన ఇంటి ముందే ఉంది. క్లాంపు కూడా తనదే.

ట్రైలర్‌లో ఏం పెట్టకూడదో చెప్పిన తమ్ముడికి మా అమ్మాయి తరఫున కృతజ్ఞతలు. వీణ, పాస్‌పోర్టులు, ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ నోటీసు) కాగితాలు, బంగారం కారులోనే తెచ్చుకున్నాం. వీణ వెనక సీటంతా ఆక్రమించడంతో మా అమ్మాయి దారి పొడుగునా ముందు సీట్లో మహారాణిలా కూర్చుంటే, డ్రైవింగ్ నా వంతు కానప్పుడల్లా నేను వీణ పక్కన ముడుచుకున్నాను. గ్రైండర్, మంచాలు, పుస్తకాలు ట్రైలర్‌లో. ట్రైలర్ విఐఎన్ (బండి గుర్తింపు) నంబరుకి, లోపలి సామానుకి ఫొటోలు తీసి పెట్టుకోమన్నదీ ఈ తమ్ముడే.

ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే చిన్న బిళ్ల) పెట్టమని చాలామంది చెప్పారు, పెట్టాం. కాకపోతే నా ఉద్దేశంలో అది తాళానికి బదులు కాదు. పోయాక ఎక్కడుందో చెబుతుందే గాని పోకుండా ఆపదు. పైగా తెలియని ట్యాగ్ ఏదో వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే కబురు వెళ్లొచ్చు.

ఇక దారిలో ఆల్బకర్కీలో మేం దిగిన మోటెల్ గుజరాతీ పెద్దాయన. ఆయన ఇది చదవలేరు, అయినా చెప్పాలి. మేం అడక్కుండానే కెమెరా కింద చోటు చూపించి, ట్రైలర్ వెనక తలుపులు గోడకు దాదాపు ఆనేలా పెట్టించారు. తాళం విరగ్గొట్టినా తలుపు తెరుచుకునే సందు లేదు. ట్రైలర్‌ని కారు నుంచి విప్పొద్దన్నారు, కిటికీలోంచి బండి కనిపించే గది ఇచ్చారు. మా వారు హాయిగా నిద్రపోయారు. నేను మాత్రం టెన్షన్‌తో ఒకటికి రెండుసార్లు కర్టెన్ తీసి చూశాను.

పొద్దున్నే బయల్దేరే ముందు పిన్, గొళ్లెం, కింద అడ్డంగా పెనవేసిన సేఫ్టీ గొలుసులు చేత్తో తడిమి చూడమని బాబాయిగారు వీడియో కాల్‌లో గుర్తుచేశారు. పెట్రోలు కోసం ఆగినప్పుడూ అదే పని చేశాం.

ఇప్పుడా తాళాలతో మాకు పని లేదు. పిన్ 5/8 అంగుళం, కప్లర్ తాళం 2 అంగుళాల బాల్‌కి సరిపోయేది, డిస్క్ తాళం కూడా ఉంది. ఫీనిక్స్ చుట్టుపక్కల ఎవరైనా ట్రైలర్ కట్టుకుని బయల్దేరుతుంటే మెసేజ్ పెట్టండి, ఇచ్చేస్తాను. క్లాంపు మాత్రం అక్కనే అడగాలి.