భూసార కార్డులో వానపాముకూ ఒక గడి ఇవ్వండి

గౌరవనీయులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నాది బంగారుపాళ్యం మండలం. మామిడి తోపు ఉంది, పక్కనే వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) తొట్లు నడుపుతున్నాను. నేలలో పోషకాలెంత ఉన్నాయో చెప్పే భూసార పరీక్ష కార్డు గురించి ఒక మనవి: అందులో వానపాముల పరీక్ష ఫలితానికీ చోటివ్వండి.

నత్రజని, భాస్వరం మొదలుకొని బోరాన్ దాకా కార్డులో 12 అంశాలుంటాయి. జింకు, రాగి లాంటి సూక్ష్మపోషకాల్లో ఏం తగ్గిందో చెబుతుంది గానీ, ఏం మితిమీరిందో చెప్పదు. రాగినే చూడండి. మచ్చ తెగులు రాకుండా తోపుల్లో ఏటా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కొడతాం. ఆ రాగి ఆవిరైపోదు, పైమట్టిలోనే పేరుకుంటుంది. మొక్కకు అందే రాగి కిలో మట్టికి 0.2 మిల్లీగ్రాములు దాటితే కార్డు 'సరిపడా' అంటుంది. దానికి వంద రెట్లున్నా అదే మాట!

ఆ తేడా వానపాముకు తెలుస్తుంది. అది చర్మంతో ఊపిరి పీలుస్తుంది, మట్టినే మింగుతుంది కాబట్టి విషం రెండు దారుల్లోనూ లోపలికి పోతుంది. ముందు పారిపోవాలని చూస్తుంది. ఒకసారి మందు కొట్టి రెండు రోజులు కూడా కాని టమాటా చెత్త మా తొట్లోకి వచ్చింది. తెల్లారేసరికి వానపాములు గోడలెక్కాయి. చేత్తో తీస్తే వీపు మీది సన్నటి రంధ్రాల్లోంచి పసుపుపచ్చటి జిగురు, ఘాటు వాసన. కొన్నింటి ఒళ్లు అక్కడక్కడా నొక్కుకుపోయి పూసల దండలా తయారైంది.

కంటికి కనపడనిది ఇంకా ఉంది. క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులు నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. వానపాము ముడుచుకుపోతుంది, మట్టిలోకి దూరలేకపోతుంది. కాడ్మియం అనే విషలోహం ఒంట్లో చేరితే మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసుకుని ఆ లోహాన్ని కట్టిపడేస్తుంది. ఈ తంటాలకే ఒంట్లో శక్తి ఖర్చయిపోతే ఎదుగుదల, గుడ్లు తగ్గుతాయి. పెద్దవి బతికే ఉంటాయి, పిల్లలే కనపడవు. అందుకే 'చావలేదు కదా' అని సర్దిచెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

నేల వానపాముకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పెట్టిన 17512 అనే 48 గంటల పరీక్ష ఉంది. డబ్బా మధ్యలో అట్ట నిలబెట్టి ఒకవైపు రైతు మట్టి, రెండోవైపు అదే రకం, మందు తగలని మట్టి పోస్తారు. అట్ట తీసి ఆ గీత మీద 10 వానపాములను వదులుతారు. రెండు రోజులయ్యాక రైతు మట్టిలో 20 శాతం కన్నా తక్కువ మిగిలితే ఆ నేల వాటికి పనికిరానట్టే. ఏ విషమో ఇది చెప్పదు. తేమలో తేడా ఉన్నా అవి పక్కకు జరుగుతాయి, అందుకని ఒక్క డబ్బాతో తేల్చకూడదు. అనుమానం వచ్చిన మట్టిని మాత్రమే ల్యాబుకు పంపితే ఖర్చూ కలిసొస్తుంది.

తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉండనే ఉన్నాయి. వాళ్లచేత పద్ధతి రాయించి, మా మండలంలోనూ పలమనేరులోనూ రైతు సేవా కేంద్రాల్లో మొదలుపెట్టించండి. వానపాములు మా తొట్లలోంచి ఊరికే ఇస్తాం. డబ్బాల సంగతి మీరు చూసుకోండి.

ఇట్లు,
బంగారుపాళ్యం మండల మామిడి రైతు