ముందు సూది, తర్వాతే సూట్‌కేసు

కంపాలా, ఉగాండా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివి తెగ నవ్వుకున్నాను. "బెజవాడ మే నెల ఎండలు చూసినవాణ్ణి, భూమధ్యరేఖ నన్నేం చేస్తుంది?" అని రాశావు చూడు, మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకుని పల్చటి చొక్కాలు వేసుకుని దిగాను. ఆ రాత్రే దుప్పటి అడుక్కున్నాను. ఈ ఊరు దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్యాహ్నం 28 డిగ్రీలు దాటితే గొప్ప, తెల్లవారుజామున 17. ఒక స్వెట్టరు తెచ్చుకో.

నువ్వు పట్టించుకోవాల్సింది ఎండని కాదు, టీకాని. ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా వేయించుకున్నట్టు కార్డు లేకపోతే ఉగాండాలోకి రానివ్వరు. అది లేకుండా ఇండియాకి తిరిగెళ్లినా తంటానే, మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. పైగా టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వెయ్యరు. హైదరాబాదులో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు. ఏయే రోజుల్లో వేస్తారో ముందే కనుక్కో, పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లు. నేను మొదట టికెట్టు కొనేసి, తర్వాత టీకాకి వెళ్లాను. వేళ్లమీద లెక్కపెడితే విమానం ఎనిమిదో రోజున! టికెట్టు మార్చడానికి ఎంత కట్టానో మీ చెల్లెమ్మకి ఇప్పటికీ తెలీదు, నువ్వు నోరు జారకు. ఒక్కసారి వేయించుకుంటే చాలు, 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతోంది.

మీ అమ్మని కూడా తెస్తానన్నావుగా. ఆవిడకి అరవై దాటాయి, ఇదేమో బతికున్న వైరస్‌తో చేసే టీకా. ముందు డాక్టరుతో మాట్లాడందే వేయించకు.

ఇక మలేరియా. ఏ మాత్ర వాడాలో డాక్టరే చెప్పాలి. నేను వాడింది డాక్సీసైక్లిన్. బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగెళ్లాక కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. మొదట రెండు నెలల పని మీద వచ్చి వెళ్లానా, అప్పుడు ఇంటికి చేరిన వారానికే మానేశాను. పదిహేనో రోజున వణుకుతూ జ్వరం. వైరల్ అనుకుని మూడు రోజులు పారాసిటమాల్ మింగాను. ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకి చెప్పాలన్న బుద్ధి నాకే పుట్టలేదు. చివరికి రక్తపరీక్షలో ఫాల్సిపారం అని, అంటే ప్రమాదకరమైన రకం మలేరియా అని తేలింది. నువ్వు వెళ్లాక ఎప్పుడు జ్వరమొచ్చినా, ముందు ఉగాండా పేరెత్తు.

కృష్ణలో ఈదినవాణ్ణని చెప్పి విక్టోరియా సరస్సులో దూకకు. గట్టు దగ్గర నీళ్లలో నత్తల నుంచి వచ్చే సన్నటి పురుగు చర్మంలోంచి ఒంట్లోకి దూరుతుంది. బట్టల విషయం ఇంకా వింత. ఇక్కడ మ్యాంగో ఫ్లై అని ఒక ఈగ ఉంది, ఆరేసిన తడిబట్టల మీద గుడ్లు పెడుతుంది. అవి వేసుకుంటే పురుగు చర్మంలో దూరి సెగ్గడ్డలా లేస్తుంది. అందుకే బనియన్లూ లోపలి బట్టలతో సహా అన్నీ ఇస్త్రీ చేస్తాం. మొదట్లో మా పనమ్మాయి సాక్సులు కూడా ఇస్త్రీ చేస్తుంటే, ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను!

నీకిష్టమైన ఆ మిలిటరీ రంగుల ప్యాంటు ఇంట్లోనే వదిలెయ్. ఇక్కడ మామూలు జనం అలాంటివి వేసుకోవడం నేరం. డాలర్లు కొత్త నోట్లే తే, పాతవాటిని చాలాచోట్ల ముట్టుకోరు. మన గుండ్రటి పిన్నుల ఛార్జరు ఇక్కడి సాకెట్లలో పట్టదు, అడాప్టర్ కావాలి. కందిపప్పు, ఇడ్లీ రవ్వ మోసుకురాకు, గుజరాతీవాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. గోంగూర పచ్చడి తెస్తే మాత్రం వద్దనను.

ఏప్రిల్‌లో వద్దు, వానలు. జూన్ మొదట్లో రా.

ఇంకొకటి. లుగాండా భాషలో గంటలు తెల్లారినప్పటి నుంచి లెక్కపెడతారు. పొద్దున్న రెండింటికొస్తానని డ్రైవరు అన్నాడంటే ఎనిమిదింటికని అర్థం. కంగారుపడకు, ఎంటెబ్బే ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను, మన గంటల ప్రకారమే.

నీ
రాంబాబు