శీనూకి ఉత్తరం: సగం మూసి ఉన్న తలుపు

ఒరే శీనూ,

పీయూష గ్రంథి కణితుల్లో మెగ్3 అనే జన్యువు మిథైలేషన్ (డీఎన్ఏ మీద మిథైల్ గుర్తు పడి జన్యువు మూతపడటం) కొలిచే పని నీకు అప్పజెప్పారని, బైసల్ఫైట్ (మిథైల్ లేని 'సి' అక్షరాన్ని 'టి'గా మార్చే రసాయనం) కిట్టు కూడా వచ్చేసిందని రాశావు. ఆ డబ్బా విప్పేముందు ఇది చదువు. ఈ జన్యువు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు.

అసలు మిథైలేషన్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందంటే, గ్రోత్ హార్మోన్ ఊరించే కణితుల్లో దాదాపు 40 శాతంలో జీఎన్ఏఎస్ జన్యువులో మ్యుటేషన్ దొరుకుతుంది. కుషింగ్ జబ్బు తెచ్చే కణితుల్లో యూఎస్పీ8 జన్యువులో మ్యుటేషన్ ఉందని 2015లో తేలింది. కానీ ఏ హార్మోన్ లక్షణమూ చూపించకుండా పెరిగి, కంటినరాన్ని నొక్కాక గానీ బయటపడని 'నాన్‌ఫంక్షనింగ్' రకంలో ఎంత సీక్వెన్సింగ్ చేసినా పదేపదే కనిపించే మ్యుటేషనంటూ ఉండదు. అక్షరాలన్నీ సక్రమంగానే ఉంటాయి, చదివేవాడే ఉండడు. పీ16, గాడ్45జీ అనే జన్యువులు అలా మిథైలేషన్‌తో నోరు మూసుకున్నవే. వాటన్నిటిలో నాకు ఆసక్తి మెగ్3 మీదే.

ఇది ప్రోటీన్ తయారుచేయదు. దాని ఆర్ఎన్ఏ తనంతట తానే పనిచేస్తుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో క్లిబాన్స్కీ బృందం 2003లో ఇది కణాల ఎదుగుదలకు కళ్లెం వేస్తుందని చూపింది. 2005లో ప్రమోటర్ (జన్యువును పలికించే మీట) మిథైలేషన్ సంగతి, 2007లో కణితులను అడ్డుకునే పీ53 ప్రోటీన్‌ని లేపే సంగతి చెప్పింది. ఆ 2007 పనిలో ఒక ముచ్చట ఉంది: ఆర్ఎన్ఏలో ఒక ముక్క తీసి సంబంధం లేని వరుస పెట్టినా, మడత అదేలా ఉంటే పని ఆగలేదు. అంటే దానికి అక్షరాల కంటే ఆకారం ముఖ్యం.

ఇక పప్పు ఎక్కడుందో చూడు. మెగ్3 ముద్రపడ్డ జన్యువు. 14వ క్రోమోజోమ్ మీద అమ్మ ఇచ్చిన ప్రతి మాత్రమే పలుకుతుంది, నాన్న ప్రతి పుట్టుకతోనే మిథైల్ అయి ఉంటుంది. కాబట్టి ఆరోగ్యమైన గ్రంథిలో కూడా అక్కడ 50 శాతం దగ్గర మిథైలేషన్ వస్తుంది. మిథైలేషన్ పీసీఆర్‌లో గీత కనబడగానే 'కణితిలో మూతపడింది' అని రాసేస్తే, నార్మల్ గ్రంథి మీదా అదే గీత వచ్చి నీ మాట తేలిపోతుంది. నీకు కావాల్సింది ఉందా లేదా కాదు, ఎంత. అందుకని మిథైలేషన్ శాతాన్ని అంకెలో చెప్పే పైరోసీక్వెన్సింగే చెయ్.

ఆ అంకెను కూడా చూసి చదవాలి. ముక్కలో 30 శాతం మామూలు కణాలు కలిసి, కణితి కణాలు పూర్తిగా మూతపడితే యంత్రం 85 చూపిస్తుంది, 100 కాదు. పైగా కణితిలో అమ్మ ప్రతి మొత్తంగా రాలిపోయినా మిగిలేది నాన్న ప్రతే గనక అంకె అలాగే పైకి పోతుంది. మూతపడటం వేరు, ఊడిపోవడం వేరు. అమ్మ ప్రతిలో ఒక అక్షరం, నాన్న ప్రతిలో ఇంకో అక్షరం ఉన్న ఒక ఎస్ఎన్పీని (మనిషి మనిషికీ మారే డీఎన్ఏ అక్షరం) అదే డీఎన్ఏలో, అదే రోగి రక్తంలో చదివితే తేడా తెలుస్తుంది.

బైసల్ఫైట్‌కి 500 నానోగ్రాముల డీఎన్ఏ చాలు. అది డీఎన్ఏని తుక్కుతుక్కు చేస్తుంది కాబట్టి పీసీఆర్ ముక్క 200 బేస్‌లు దాటనివ్వకు, ఫార్మలిన్ దిమ్మెల నుంచి తీసినదైతే ఇంకా పొట్టిగా. ప్రైమర్లు (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) సీపీజీ (మిథైల్ పట్టే సి-జి జంట) మీద పడకూడదు, పడితే ఒక రకాన్నే ఎక్కువ లాగుతాయి. పూర్తి మిథైల్ డీఎన్ఏ, అసలు మిథైల్ లేని డీఎన్ఏ కలిపి 0, 25, 50, 75, 100 మిశ్రమాలు ప్రతి ప్లేటులో పెట్టు. 50 పెట్టినచోట 30 వస్తే తప్పు కణితిది కాదు, పీసీఆర్‌ది. సీపీజీ కాని 'సి'లన్నీ 'టి'గా మారాయో లేదో కూడా చూడు. మారకుండా మిగిలిన ప్రతి 'సి' దొంగ మిథైలేషనే.

నమూనాలను కుప్పగా కలపొద్దు. మెగ్3 పోయేది గోనడోట్రోఫ్ (లైంగిక గ్రంథులను నడిపే హార్మోన్లు చేసే కణం) వంశపు నాన్‌ఫంక్షనింగ్ కణితుల్లో. హార్మోన్ ఊరించేవాటిలో పలుకుతూనే ఉంటుంది. ఎస్ఎఫ్1, టీపిట్, పిట్1 అనే వంశం గుర్తు ప్రోటీన్లకు రంగులద్దించి వంశం తేల్చాకే వరుసపెట్టు. ఆర్ఎన్ఏ కొలిచేటప్పుడు ప్రైమర్లు మొదటి మూడు ఎక్సాన్లలో (ఆర్ఎన్ఏలో మిగిలే జన్యువు ముక్కలు) వేసుకో, ఐసోఫారాలన్నిటికీ (ఒకే జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ రకాలు) అవి ఉమ్మడి.

చిన్న ఆర్ఎన్ఏల గురించీ అడిగావు. 2005లో బొట్టోని బృందం పీయూష కణితుల్లో మిర్-15ఏ, మిర్-16-1 అనే మైక్రోఆర్ఎన్ఏలు తగ్గాయని, కణితి ఎంత పెద్దదైతే అవి అంత తక్కువని చూపింది. బాగానే ఉంది, కానీ మిర్-16 ఎర్ర రక్తకణాల్లో దండిగా ఉంటుంది. ముక్కలో రక్తం ఎక్కువైతే తగ్గిన మిర్-16 పెరిగినట్టు కనిపిస్తుంది. రక్తం సంగతి పట్టుకోవడానికి ఎర్ర రక్తకణాల గుర్తయిన మిర్-451ని పక్కనే కొలువు. సీరంలో మిర్-16నే ప్రమాణంగా పెట్టుకునే అలవాటు ఒకటుంది. నీ పనికి అది బొత్తిగా పనికిరాదు. ఒలిగో-డీటీ ప్రైమర్ కూడా వద్దు, అది అతుక్కునే పాలీ-ఏ తోక (వరుసగా 'ఏ' అక్షరాలు) వీటికి ఉండదు. చిన్న ఆర్ఎన్ఏ కొసన అతుక్కునే మడత ప్రైమర్, అంటే స్టెమ్-లూప్ ప్రైమర్ వాడు, ఆర్ఎన్ఏ తీసేటప్పుడు చిన్నవాటిని పారబోయని కాలమ్ తెచ్చుకో.

డెసిటబైన్ (మిథైలేషన్‌ని తగ్గించే మందు) వేసి మెగ్3ని మళ్లీ పలికిస్తానన్నావు. పెరిగే క్యాన్సర్ కణాల్లో 1 మైక్రోమోలార్, 72 గంటలు, రోజూ కొత్తగా కలిపి మారిస్తే పలకవచ్చు (నీళ్లలో ఆ మందు నిలవదు). ఆపరేషన్ నుంచి వచ్చిన కణితి ముక్కల్లో మాత్రం ఆశ పెట్టుకోకు. డీఎన్ఏ నకలు తీసుకునేటప్పుడే అది లోపలికి దూరుతుంది, ఈ కణితుల్లో కేఐ-67 (విడిపోతున్న కణాల గుర్తు) మామూలుగా 3 శాతం కూడా దాటదు. కణం విడిపోకపోతే మందు బయటే కూర్చుంటుంది.

ప్రైమర్ల వరుసలు పంపరా. సీపీజీ మీద పడ్డాయేమో ముందు అది చూద్దాం.

నీ
మురళి