ఆర్‌బీ బొమ్మ కూడా వేయండి

సంపాదకునికి,

పొగాకు వేలం ధరలు మీ జిల్లా పేజీలో చదువుతూనే ఉంటాం. పొగ ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో మాత్రం ‘హానికరం’ దగ్గరే ఆగిపోతోంది. మా పిల్లలకు అది చాలదు.

మన కణాల్లో విభజనకు బ్రేకు వేసే ప్రోటీన్ ఆర్‌బీ. కణ విభజన జన్యువులను నడిపే ఈ2ఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను అది పట్టి ఉంచుతుంది. ఆర్‌బీలోని గాడిలో ఈ2ఎఫ్ చివరి ముక్క ఇమిడిపోయిన తీరు ప్రోటీన్ స్ఫటికాలపై ఎక్స్‌రేలు పంపి తేల్చిన నిర్మాణాల బొమ్మల్లో స్పష్టంగా కనిపిస్తుంది. విభజనను ముందుకు నడిపే సీడీకే ఎంజైములు ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తే పట్టు సడలి, కణం విభజనకు దిగుతుంది. ఎక్కువగా పొగతాగేవారికే వచ్చే స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దాదాపు ఎప్పుడూ ఆర్‌బీ జన్యువు పాడై ఉంటుంది. సీడీకేలను ఆపి ఆర్‌బీ పట్టు సడలకుండా చూసే మందు పాల్బోసిక్లిబ్‌కు 2015లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ చికిత్సకు అనుమతి వచ్చింది. కానీ అసలు ఆర్‌బీయే లేని చోట ఆ మందుకు పనేముంది?

ప్రోటీన్ల నిర్మాణాలను దాచి ఉంచే ‘ప్రోటీన్ డేటా బ్యాంక్’ వెబ్‌సైట్‌లో ఈ బొమ్మలు ఉచితం, సెల్‌ఫోన్‌లోనే తిప్పి చూడొచ్చు. వారానికొకటి వేయండి. సినిమా పేజీలో కాస్త చోటు తగ్గినా మాకేం బాధ లేదు.

— ఒక జువాలజీ లెక్చరర్, టంగుటూరు, ప్రకాశం జిల్లా