గాలి సంగతులు

అమ్ములూ,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నీకోసం ఆవకాయ డబ్బాకెత్తి ఉంచింది, అటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పు. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. అది అడగడానికి రాయడం లేదులే.

విమానం నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే మీ టన్నెల్లో నీ మోడల్ విమానం రెక్క విరిగిందని సుజాత పిన్ని అంది. నిజమేనా? వేళకు తింటున్నావా?

పోయిన సంక్రాంతికి బల్ల అంచున స్కేలు అదిమిపట్టి చూపించావు. రెక్క సన్నగా, పొడుగ్గా ఉంటే ఇంధనం ఆదా. కానీ గాలి విసురుకి కొస లేస్తే వంచే బలమంతా రెక్క మొదలు మీద పడుతుంది, మొదలు గట్టి చేస్తే బరువు పెరిగి ఆదా కాస్తా పోతుంది అన్నావు. ఆ స్కేలు ఇంకా బల్ల మీదే ఉంది.

నాకు పన్నెండేళ్లప్పుడు తాతయ్యతో కోటిపల్లి రేవులో నావెక్కాను. నడి గోదాట్లో ఒక్కసారిగా గాలి విసిరింది. నావ ఒరిగి, కొబ్బరికాయల బస్తా దొర్లి నా కాళ్ల మీద పడింది. తెరచాప తాడు కట్టెయ్యమని తాతయ్య కేకలు. నావ నడిపే పెద్దాయన కట్టలేదు. గుంజకు ఒక్క చుట్టు తిప్పి కొస చేత్తో పట్టుకున్నాడు. విసురు వచ్చినప్పుడల్లా మూరెడు వదిలేవాడు. చాప టపటపా కొట్టుకునేది, నావ నిలబడేది. విసురు పోగానే మళ్లీ లాగేవాడు. అతని అరచేతిలో తాడు ఒరిసిన గాడి నల్లగా మెరిసేది. దిగాక తాతయ్య అతనికి చుట్ట ఇచ్చాడు.

ఎయిర్‌బస్ వాళ్లు ఆల్బట్రాస్‌వన్ అనే చిన్న విమానానికి రెక్క కొసల్లో కీళ్లు పెట్టి, విసురుకి వాటంతటవే లేచేలా వదిలిన వీడియో నువ్వు పంపితే నాకు ఆ తాడే కళ్ల ముందు కదిలింది. కీలు సరిగ్గా కుదరకపోతే ఫ్లట్టర్ వస్తుందన్నావు, అంటే గాలికి రెక్క అదుపు తప్పి అదిరిపోవడం. నీ రెక్కకి జరిగింది అదేనా?

2003 జూన్ 26న హవాయిలో కవాయ్ దీవి దగ్గర నాసా వాళ్ల పైలట్ లేని సౌర విమానం హీలియోస్ కూలింది కదా. 75 మీటర్ల రెక్క గాలి కుదుపులకు విల్లులా వంగి, విమానం ముందుకీ వెనక్కీ ఊగి, వేగం హద్దు దాటి పైపొర ఊడిపోయింది. అంతగా వంగే రెక్కకు అప్పటి లెక్కల పద్ధతులు చాలలేదని విచారణలో తేల్చారు. అంతటివాళ్లకే తప్పలేదమ్మా. విరిగిన ముక్కలు పారెయ్యకు. ఎక్కడ ముందు పగిలిందో చూసి ఏ రోజుది ఆ రోజే రాసుకో. రాత్రి పన్నెండు దాకా ల్యాబ్‌లో కూర్చోకు. చెవులకు మఫ్లర్ కట్టుకో.

విరిగిన సంగతి మీ అమ్మకు చెప్పలేదు. ఆదివారం మన టైము ఎనిమిదింటికి ఫోన్ పక్కనే ఉంటాను. మాట్లాడాలని లేకపోతే, తిన్నానని ఒక్క మెసేజ్ పెట్టు.

నాన్న