హిమాద్రి కోసం విశాఖలో ఒక గది ఇవ్వండి

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో పిల్లలకు సైన్స్ చెప్పి రిటైరైన మాస్టారిని. ఇప్పటికీ సాయంత్రాలు పెద జాలారిపేట నుంచి నలుగురైదుగురు పిల్లలు వచ్చి మా అరుగు మీద చదువుకుంటారు. అక్కడ మొదలైన మాటే ఈ ఉత్తరం దాకా వచ్చింది.

ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో మన దేశానికి ఒక పరిశోధన కేంద్రం ఉందని ఒకరోజు వాళ్లకు చెప్పాను. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, న్యీ ఒలెసుండ్ అనే చిన్న ఊళ్లో 2008లో తెరిచిన 'హిమాద్రి' అది. ఒకప్పుడది బొగ్గు గనుల ఊరు. 1962లో గనిలో ప్రమాదం జరిగి 21 మంది చనిపోయాక తవ్వకాలు ఆగిపోయాయి. ఇప్పుడు చాలా దేశాల శాస్త్రవేత్తలు అక్కడ పక్కపక్కనే ఉండి పనిచేసుకుంటున్నారు. తెల్ల ఎలుగుబంట్ల భయం వల్ల ఊరు దాటాలంటే వెంట తుపాకీ ఉండాలన్నాను. ఆకాశం నుంచి వచ్చే సన్నటి రేడియో తరంగాలను వినే యాంటెన్నాలు ఉన్నాయి కాబట్టి ఫోన్లో వైఫై కూడా వాడనివ్వరన్నాను. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం "అక్కడ మంచు కరిగితే మన రేవుకేటి మాస్టారూ?" అంది. వాళ్ల నాన్న చేపల వేటకెళ్తాడు.

మర్నాడు చేపల పెట్టెల్లో వేసే ఐసు ఒక కవరు నిండా తెమ్మన్నాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోశాం. ఒకదాంట్లో ఐసు ముక్కలు తేలేలా వేశాం. రెండోదాంట్లో నీళ్లపైకి తేలేంత ఎత్తు రాయి పెట్టి, ఐసును దాని మీద పేర్చాం. స్కెచ్ పెన్నుతో రెండు గ్లాసులకీ గీత గీసి కూర్చున్నాం. ఐసంతా కరిగాక చూస్తే మొదటి గ్లాసులో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. రెండో గ్లాసులో గీత మునిగిపోయింది. రాయి మీది ఐసులాగే నేల మీది మంచు కరిగితే సముద్రం పెరుగుతుందని, స్వాల్‌బార్డ్ నేలలో సగానికి పైగా అలాంటి మంచు, అంటే హిమానీనదాలే అని చెప్పాను. ఆ అమ్మాయి గ్లాసు చేతిలోకి తీసుకుని, మునిగిన గీత మీద వేలుపెట్టి చాలాసేపు అలాగే చూసింది. తన ఇల్లు అలలకు ఎంత దగ్గరో ఆ పిల్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

అయ్యా, 2014 మాకు హుద్‌హుద్ సంవత్సరం. అక్టోబర్ 12న ఊరంతా కకావికలమైంది, కైలాసగిరి మీద పచ్చదనమే మిగల్లేదు. అదే ఏడాది జులైలో మనవాళ్లు హిమాద్రి పక్కనున్న కొంగ్స్‌ఫ్యోర్డెన్ సముద్రపాయలో, 190 మీటర్లకు పైగా లోతున 'ఇండార్క్' అనే పరికరాల వరసను దించారు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహాలు ఏడాది పొడవునా అది నమోదు చేస్తుంది. హుద్‌హుద్ ధ్రువం వల్ల వచ్చిందని నేననను. కానీ అక్కడి సముద్రపు మంచుకీ మన దగ్గర రుతుపవనాల చివరి రోజుల్లో పడే కుంభవృష్టికీ సంబంధం ఉండొచ్చని మన శాస్త్రవేత్తలే అంటున్నారు. తుఫాను అంటే ఏమిటో ఒళ్లంతా తెలిసిన ఊరికి ఈ పని గురించి చెప్పేవాళ్లే లేరు. ఈ పిల్లలకు చూపిద్దామంటే తెలుగులో నాకు ఒక్క మంచి బొమ్మ కూడా దొరకలేదు. నాకు బాధ కలిగించింది అదే.

అందుకే అడుగుతున్నాను. బీచ్ రోడ్డులో ఎక్కడైనా హిమాద్రి పేరుతో ఒక గది ఇవ్వండి. పెద్ద భవనం అక్కర్లేదు. సర్వీసు ముగించుకున్న కుర్సురా సబ్‌మెరైన్‌లోకి 2002 నుంచి మా పిల్లలు ఎక్కి దిగుతూనే ఉన్నారు. పెరిస్కోపు దగ్గర క్యూ కడతారు. అలాగే పాతబడి పక్కన పెట్టిన సముద్ర పరికరం ఏదైనా ఉంటే, అద్దాల్లో బిగించకుండా, చేత్తో తడిమి చూసేలా ఆ గదిలో పెట్టించండి. ఇండార్క్ పంపిన అంకెలను తెలుగులో గోడ మీద రాయించండి. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లు చలికాలపు చీకట్లో కూడా హిమాద్రిలో ఉంటున్నారు కదా, తిరిగొచ్చిన బృందం నుంచి ఏడాదికి ఒక్కరినైనా ఇక్కడికి పంపండి. ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రశాస్త్రం చెప్పే విభాగం ఉంది, జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఈ ఊళ్లోనే ఉంది. చెప్పగలిగిన వాళ్లకు కొదవ లేదు, మీ శాఖ నుంచి ఒక ఆర్డరు రావాలంతే.

ఆ అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. వేసవి సెలవుల్లోపు ఆ గది తెరిస్తే, మా అరుగు మీది పిల్లలందరినీ నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను. ఆ రెండు గ్లాసులూ కూడా తెస్తాను, ఐసు వాళ్లు తెస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారు,
విశాఖపట్నం